మా అమ్మ మోసిన గుట్టు

నేను గే అని మా అమ్మకు చెప్పి మొన్నటి సంక్రాంతికి నాలుగేళ్లు నిండాయి. ఈ నాలుగేళ్లలో పది మందికి పైగా కుర్రవాళ్లు, ఇద్దరు అమ్మాయిలు ఎవరెవరి ద్వారానో నా నంబరు తెలుసుకుని ఫోన్ చేసి, దాదాపు ఒకే ప్రశ్న అడిగారు: ఇంట్లో చెప్పడానికి ధైర్యం ఎలా వచ్చింది? ప్రతిసారీ నాకు తోచిన జవాబు ఇచ్చాను గానీ, ఫోన్ పెట్టేశాక ఆ జవాబు నాకే చాలినట్టు అనిపించేది కాదు. చెప్పేవాడికి కావలసిన ధైర్యం గురించే మేమందరం మాట్లాడుకున్నాం. వినేవాళ్లకు కావలసిన ధైర్యం గురించి వాళ్లూ అడగలేదు, నేనూ ఎత్తలేదు. అందుకే జరిగింది జరిగినట్టు ఒకచోట రాసి పెట్టాలనుకున్నాను. అమ్మను అడిగే రాస్తున్నాను. ఊరి పేరు రాస్తే ఫర్వాలేదు గానీ ఇంటిపేరు రాయొద్దంది.

మాది పాలకొల్లు. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. అమ్మ పెళ్లయిన కొత్తలో కుట్టు నేర్చుకుంది. మా వీధిలో సగం మంది జాకెట్లు ఇప్పటికీ మా ముందుగదిలోనే తయారవుతాయి. నా మనసు మగవాళ్ల వైపే వెళుతుందని నాకు ఎనిమిదో తరగతిలోనే తెలుసు. అయితే ఆ తెలిసినదానికి నా దగ్గర పేరు లేదు. మా ఊళ్లో దానికున్న పేర్లన్నీ తిట్లే. సినిమాల్లో నవ్వించడానికి పెట్టిన పాత్ర తెర మీదికి రాగానే ‘వీడు తేడారా’ అని హాలంతా నవ్వుతుంటే, నేనూ వాళ్లతోపాటు నవ్వేవాణ్ణి, పక్కనున్న స్నేహితుడు నా ముఖం చూస్తాడేమోనన్న భయంతో కాస్త గట్టిగానే నవ్వేవాణ్ణి. పత్రికల్లో కనిపించే ‘స్వలింగ సంపర్కం’ అన్న మాట తిట్టు కాదనుకున్నా, అందులో ఒక చర్య ఉంది తప్ప మనిషి లేడు. ఒకరి ఫోన్ కోసం ఎదురుచూడటం, ఒకరికి జ్వరం వస్తే మనకు నిద్రపట్టకపోవడం, ఇవేవీ ఆ మాటలో ఇమడవు. అమ్మ ఎదురుగా కూర్చుని ఆ మాట పలకడమన్నది నా ఊహకు కూడా అందేది కాదు.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పరస్పర ఇష్టంతో కలిసిన వయోజనులకు 377వ సెక్షన్ వర్తించదని తీర్పు చెప్పినప్పుడు నేను హైదరాబాద్‌లో ఆఫీసులో ఉన్నాను. 1860లో బ్రిటిషువాళ్లు శిక్షాస్మృతిలో రాసిన సెక్షన్ అది, నాలాంటివాళ్ల కలయికను నేరంగా చూసింది. 2009లో ఢిల్లీ హైకోర్టు దాన్ని పక్కన పెడితే, 2013 డిసెంబర్‌లో సుప్రీంకోర్టే మళ్లీ నిలబెట్టింది. అప్పుడు నేను ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను, హాస్టల్ గదిలో దుప్పటి కప్పుకుని పడుకున్న ఆ రాత్రి ఇంకా గుర్తుంది. అందుకే 2018 తీర్పు వినగానే కళ్లు తిరిగినంత పనయింది. ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ పనిలో కూర్చున్నాను. రాత్రి అమ్మ ఫోన్ చేసి, టీవీలో చూసిందట, “ఏవిట్రా ఈ చోద్యం, కోర్టులకు ఇంకేం పన్లు లేవా?” అంది. “ఏమోనమ్మా” అని, అన్నం తిన్నావా అని అడిగాను. చట్టం నా వెనక నిలబడిన రోజున కూడా అమ్మ ముందు నేను నిలబడలేకపోయాను.

ఆ తర్వాత మూడేళ్లలో తొమ్మిది సంబంధాలు ఏదో ఒక వంకతో తప్పించాను. ఒకచోట ఎత్తు, ఒకచోట ఉద్యోగం, ఒకచోట జాతకం. 2021 నవంబర్‌లో తాడేపల్లిగూడెం నుంచి పదో సంబంధం వచ్చింది. ఈసారి సరే అందామనే వెళ్లాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, దాచితే మిగతాదంతా అబద్ధమవుతుంది. పెళ్లయితే అదే సర్దుకుంటుందన్న మాట చిన్నప్పటి నుంచి ఎన్నో విషయాల గురించి, ఎందరి నోటనో విని విని, నాకూ సగం నమ్మకం కలిగింది. ఆ అమ్మాయి బీఈడీ చేసి ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతోంది. పెద్దవాళ్లు మాట్లాడుకోమని మమ్మల్ని డాబా మీదికి పంపారు. ఆరేసిన బట్టల పక్కన నిలబడి, కాసేపాగి, ఆమె చాలా మర్యాదగా అడిగింది: “ఏమీ అనుకోకపోతే ఒకటి అడుగుతానండి. మా అక్కకి పెళ్లయిన నాలుగు నెలలకి తెలిసిందండి, మా బావగారికి ఆ పెళ్లి ఇష్టం లేదని, ఇంట్లోవాళ్ల కోసం చేసుకున్నారని. మీరు ఇష్టపడే వచ్చారాండి?”

ఇంట్లో మాట్లాడి చెబుతానని చెప్పి కిందికి దిగాను. కింద టిఫిన్లు పెడుతున్నారు. నాన్నగారు ఆమె తండ్రితో ఏదో మాట్లాడి నవ్వుతున్నారు. ఆ నవ్వు చూస్తూ ఉప్మా మింగిన ఆ పది నిమిషాలే, నన్నడిగితే, నాకు ధైర్యం వచ్చిన సమయం. నా బతుకు నేను బతకాలన్న కోరిక అంతకు ముందూ ఉంది, దానికి పదిహేనేళ్లలో నోరు పెగల్లేదు. ముక్కూ మొహం తెలియని ఒక ఆడపిల్ల, తన అక్కకు జరిగింది తనకు జరగకూడదని అంత జాగ్రత్తగా అడిగితే, ఆమెకు నేను చేయబోయింది ఏమిటో నా కళ్ల ముందు కనిపించింది. అమ్మకు చెప్పాలన్న భయం కంటే ఈ భయం పెద్దదయింది. ఆ సంబంధం మా వైపు నుంచే వద్దని చెప్పించాను. ఆమెలో లోపమేమీ లేదని వాళ్లకు అర్థమయ్యేలా చెప్పమని అమ్మను మరీ మరీ బతిమాలాను.

ముందు అక్కకు చెప్పాను. అక్క కాకినాడలో ఉంటుంది. ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నాకెప్పుడో అనుమానం వచ్చిందిరా, అడిగితే ఏమైపోతావో అని అడగలేదు” అంది. అమ్మకు ముందు చెప్పమని, నాన్నగారు లేనప్పుడు చెప్పమని, పండగ సందడిలో చెప్పొద్దని, చుట్టాలందరూ వెళ్లాక చెప్పమని చెప్పింది. “ఒకటే మాట చెప్పు, ఎక్కువ చెప్పకు. అమ్మకి అర్థమయ్యే మాట చూసుకో” అంది. ఆ చివరి మాట నాకు చాలా పనికొచ్చింది. ఒక పాత నోటుబుక్కులో ఆ ఒక్క వాక్యాన్ని ఎన్ని రకాలుగా రాసుకున్నానో చెప్పలేను. ఇంగ్లీషులో అయితే మూడు మాటల్లో అయిపోతుంది. తెలుగులో ప్రతి మాటా అయితే తిట్టు దగ్గరికి పోయేది, లేకపోతే కోర్టు దగ్గరికి. చివరికి, అమ్మ పెళ్లిళ్ల గురించి మాట్లాడేటప్పుడు వాడే ‘ఇష్టం’ అన్న మాటే పట్టుకున్నాను. ‘వాడికి ఆ పిల్లంటే ఇష్టమట’ అంటుంది అమ్మ. ఆ ఇష్టం చాలు.

ఇక్కడ ఒక మాట, నాకు ఫోన్ చేసిన వాళ్లలో చదువుకుంటున్న పిల్లలున్నారు గనుక. అప్పటికి నాకు ఉద్యోగం ఉంది, హైదరాబాద్‌లో నా అద్దె నేను కట్టుకుంటున్నాను. అమ్మానాన్నలు బయటికి పొమ్మన్నా తలదాచుకునే చోటుంది. ఫీజు, తిండి, పడక అన్నీ ఇంటివాళ్ల చేతిలో ఉన్న వయసులో, వాళ్లు చెయ్యి చేసుకుంటారేమోనన్న అనుమానమున్న ఇంట్లో, చెప్పకుండా ఆగడం పిరికితనమని ఎవరైనా అంటే నమ్మకండి. ఆగండి. ఆ ఆగిన కాలం వృథా పోదు.

2022 ముక్కనుమ నాడు మధ్యాహ్నం నాన్నగారు స్నేహితుణ్ణి చూడటానికి నరసాపురం వెళ్లారు. అమ్మ ముందుగదిలో చాప మీద కూర్చుని ఆకుపచ్చ జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. “అమ్మా, నాకు ఆడపిల్లల మీద ఆ ఇష్టం కలగదమ్మా. మగవాళ్ల మీదే కలుగుతుంది. చిన్నప్పటి నుంచీ ఇంతే. మార్చుకోవాలని చూశాను, మారలేదు. అందుకే సంబంధాలన్నీ వద్దన్నాను.” ఇదే నేను చెప్పింది. అమ్మ తలెత్తలేదు. చేతిలో ఉన్న హుక్కు కుట్టడం పూర్తి చేసి, ముడి వేసి, దారం పంటితో కొరికి, డబ్బాలోంచి ఇంకో హుక్కు తీసుకుంది. దాన్ని కూడా కుట్టింది. అప్పుడు అడిగింది: “చిన్నప్పుడు నిన్నెవరైనా ఏవైనా చేశారా నాన్నా?”

లేదన్నాను. నమ్మలేదు. మా ఇంటికి వచ్చిపోయిన మగవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పి, ఈయనా, ఆయనా అని అడిగింది. అన్నిటికీ కాదన్నాను. తర్వాత, నేను కడుపులో ఉన్నప్పుడు తను వాడిన మందుల గురించి అడిగింది. తర్వాత, హాస్టల్లో వెయ్యడం తప్పయిందా అని అడిగింది. ఆమె ప్రశ్నలన్నీ తప్పు ఎవరిదో వెతుకుతున్నాయి, తిరిగి తిరిగి తన దగ్గరికే వచ్చి ఆగుతున్నాయి. ఏడవలేదు, తిట్టలేదు. చివరికి, “మీ నాన్నగారికి మాత్రం చెప్పకు. ఆయన తట్టుకోలేరు” అని లేచి స్టవ్ మీద పాలు పెట్టింది. ఆ రెండు హుక్కులూ కాజాలు ఉండవలసిన పక్కన కుట్టిందని, సాయంత్రం ఆమె వాటిని విప్పుతుంటే చూశాను.

ఆ రాత్రి నరసాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వస్తూ ఎంత హాయిగా నిద్రపోయానో! పదిహేనేళ్ల బరువు దిగిపోయిందనుకున్నాను. అది ఎక్కడికి దిగిందో ఆలోచించలేదు. తెలుగులో గుట్టు అనే మాట ఉంది. రహస్యం కంటే అది ఇంటికి దగ్గరి మాట. రహస్యం ఒక మనిషిది కావచ్చు, గుట్టు సంసారానిది, దాన్ని కాపాడే పని ఎప్పుడూ ఆడవాళ్లదే. ఆ రోజుతో నా గుట్టు మా అమ్మ గుట్టయింది. నాకు హైదరాబాద్‌లో నాలాంటి స్నేహితులున్నారు, 2013 నుంచి నగరంలో మావాళ్లు తలెత్తుకుని సాగే ప్రైడ్ నడకలు జరుగుతున్నాయి, మనసు బాగోలేకపోతే మాట్లాడటానికి కౌన్సెలర్ ఉన్నారు. అమ్మకు ఎవరున్నారు? పక్కింటి పిన్నిగారికి చెప్పగలదా? తన అక్కకు చెప్పగలదా? ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసిన భర్తకే చెప్పలేకపోయింది. ‘పెళ్లెప్పుడు?’ అని నన్ను ఏడాదికి నాలుగుసార్లు అడిగేవారేమో; జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చిన ప్రతి మనిషీ ఆమెను అడిగేది. మెడలో టేపు వేసుకుని, అవతలి మనిషి భుజం కొలుస్తూ, “చూస్తున్నామండి” అనేది.

ఆ ఏడాది ఆమె తొమ్మిది కిలోలు తగ్గింది. సోమవారాలు ఉపవాసాలు మొదలుపెట్టి, క్షీరారామంలో ప్రదక్షిణలు చేసేది. పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది. నాన్నగారు పడుకునే మధ్యాహ్నం మూడింటికి నాకు ఫోన్ చేసి, నీళ్ల బిందెల గురించీ కరెంటు గురించీ మాట్లాడి, మధ్యలో గొంతు తగ్గించి, “ఏవైనా మార్పుందా నాన్నా?” అని అడిగేది, జ్వరం తగ్గిందా అని అడిగినట్టు. మొదట్లో నాకు కోపం వచ్చేది. ఎన్నిసార్లు చెప్పాలని విసుక్కున్నాను కూడా. ఆ విసుగు ఇప్పుడు తలచుకుంటే నాకు చాలా బాధగా ఉంది. నేను పదిహేనేళ్లు తీసుకుని అర్థం చేసుకున్నదాన్ని ఆమెను పదిహేను వారాల్లో అర్థం చేసుకోమన్నాను.

అక్కే ఈ సంగతి కనిపెట్టింది. “నువ్వు చెప్పుకున్నావు, బాగానే ఉంది. అమ్మ ఎవరితో చెప్పుకుంటుంది?” అని అడిగింది. అప్పుడు వెతకడం మొదలుపెట్టాం. ‘స్వీకార్’ అని, ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు కలిసి ఏర్పరచుకున్న బృందం ఒకటి ఉందని అప్పుడే తెలిసింది. కానీ మా అమ్మకు హిందీ రాదు, ఇంగ్లీషులో మనసు విప్పలేదు. స్నేహితుల స్నేహితుల ద్వారా గుంటూరు వైపు ఒక అమ్మ దొరికారు. ఆమె కూతురు ఇంకో అమ్మాయితో బెంగళూరులో ఉంటోంది. మొదటి ఫోన్ గంటన్నర సాగింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. ఆ రోజు సాయంత్రం అమ్మ నాకు ఫోన్ చేసి, మార్పు గురించి అడగలేదు. “ఆవిడ కూడా పదేళ్లు ఎవరికీ చెప్పలేదట” అని మాత్రం అంది.

ఆ రోజుల్లోనే 2018 తీర్పులో జస్టిస్ ఇందూ మల్హోత్రా రాసిన ఒక మాటను అమ్మకు తెలుగు చేసి చెప్పాను. శతాబ్దాల పాటు ఈ మనుషులు పడిన అవమానానికి, వెలికి, న్యాయం ఇంత ఆలస్యమైనందుకు, చరిత్ర వారికీ వారి కుటుంబాలకూ క్షమాపణ చెప్పుకోవాలని ఆమె రాశారు. నాకు ఆ తీర్పు వచ్చినప్పటి నుంచి ఆ వాక్యం తెలుసు. అయినా అందులో ‘కుటుంబాలకూ’ అన్న మాటను నేనెప్పుడూ పట్టించుకోలేదు. అమ్మ అక్కడే ఆపింది. “ఇంట్లోవాళ్లకి కూడా అని రాసిందా ఆవిడ?” అని, మళ్లీ ఒకసారి చదవమంది. చదివాను. “జడ్జిగారేనా?” అంది. జడ్జిగారే అన్నాను.

నాన్నగారికి చెప్పాలని 2022 దసరాకు అమ్మే నిర్ణయించింది. ఆయన పక్కన కూర్చుంది, నేను చెప్పాను. నాన్నగారు అరవలేదు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, డాక్టరు దగ్గరికి వెళదామన్నారు. వెళ్లాం. మొదట కలిసిన డాక్టరు ఆరు నెలలు ఇంజక్షన్లు, మందులు వాడితే మార్చేస్తానని, ముందు సగం డబ్బు కట్టమని అన్నాడు. ఇంట్లో చెప్పుకున్నవాళ్లలో చాలామందికి ఎదురయ్యే గండం ఇది, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను. మగవాళ్లకు మగవాళ్ల మీద, ఆడవాళ్లకు ఆడవాళ్ల మీద కలిగే ఇష్టాన్ని 1990 మే 17న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక నుంచి తీసేసింది. ఇలా ‘మార్చే’ చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022లో జాతీయ మెడికల్ కమిషన్ రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు తెలియజేసింది. అంటే ఆ డాక్టరు మాకు చెప్పింది చెయ్యకూడని వైద్యం. నాన్నగారిని ఒప్పించి విశాఖపట్నంలో ఇంకో సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అరగంట నాతో, గంట నాన్నగారితో మాట్లాడారు. ఇది జబ్బు కాదని ఆయనంటే, నాన్నగారు క్లాసులో అడిగినట్టే, “రుజువేమిటండీ?” అన్నారు. “మాస్టారూ, రుజువు అడగవలసింది జబ్బు అన్నవాళ్లనండి. ఇన్నేళ్లలో వాళ్లెవరూ చూపించలేకపోయారు” అన్నారు డాక్టరుగారు. నాన్నగారు ఇంకేమీ అడగలేదు. తిరుగు ప్రయాణంలో తుని దాటాక, మొదటి డాక్టరుకు కట్టిన డబ్బు వెనక్కి అడగాలా అన్నారు. వదిలేద్దామన్నాను.

ఆయనకు మాటలతో చెబితే లాభం లేదని, చదవడానికి ఇవ్వాలని నాకు తెలుసు. మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ 2021 జూన్‌లో ఇచ్చిన ఉత్తర్వు గురించి నాలుగు పేజీలు తెలుగులో రాసి ఇచ్చాను. ఇద్దరు అమ్మాయిలు కలిసి బతుకుతామంటే వారి ఇళ్లలోవాళ్లు పెట్టిన గొడవ ఆ కేసుకు మూలం. ఈ విషయం తనకు సరిగా తెలియదని ఆ న్యాయమూర్తి ఒప్పుకుని, తీర్పు రాయడానికి ముందు తానే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. తర్వాత నేను ఊరెళ్లినప్పుడు ఆ కాగితాలు నాన్నగారి బల్ల మీద, పంచాంగం కింద కనిపించాయి. అక్కడక్కడా నా అక్షరదోషాలు దిద్ది ఉన్నాయి. న్యాయమూర్తి తానే నేర్చుకోవడానికి వెళ్లారన్న వాక్యం కింద పెన్సిల్‌తో, స్కేలు పెట్టి గీసిన గీత ఉంది.

2023 అక్టోబర్ 17న, మాలాంటి జంటలకు పెళ్లి హక్కు కావాలన్న కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ కేసులో మొదటి పేరు సుప్రియోది. ఆయన, ఆయన జంట అభయ్ డాంగ్ మా హైదరాబాద్‌లోనే ఉండేవారు, 2021 డిసెంబర్‌లో వాళ్లు స్నేహితులు, కుటుంబాల మధ్య చేసుకున్న వేడుక ఫొటోలు పత్రికల్లో చూసి నేను గదిలో ఒక్కణ్ణే కూర్చుని చాలాసేపు ఏడ్చాను. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని, చట్టం చేయవలసింది పార్లమెంటేనని కోర్టు చెప్పింది. ఆ సాయంత్రం నాన్నగారి నుంచి ఫోన్. ఆయన నాకు నేరుగా ఫోన్ చేయడం చాలా అరుదు. ఎప్పుడైనా అమ్మ మాట్లాడాక ఫోన్ అందుకుని రెండు ముక్కలు మాట్లాడతారు. “తీర్పు చూశాను” అన్నారు. నేను ఆఁ అన్నాను. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత, “భోంచేశావా?” అన్నారు.

ఇప్పుడు నాకు ఫోన్ చేసేవాళ్లను ముందుగా ఒక విషయం అడుగుతున్నాను. మీరు చెప్పాక మీ అమ్మ ఎవరితో మాట్లాడుతుంది? అక్కో, పిన్నో, మేనత్తో, ఒక్క మనిషి ఉన్నారా? లేకపోతే ముందు ఆ మనిషిని వెతకండి. మీ తల్లిదండ్రుల భాషలో మాట్లాడే డాక్టరు ఎవరో ముందే కనుక్కుని ఉంచుకోండి. చెప్పిన రోజే ఊరు విడిచి రాకండి. నేను చేసిన ఆ పని మీరు చేయకండి. వీలైతే ఒక వారం ఉండండి, వాళ్లు అడిగిన ప్రశ్నే మళ్లీ మళ్లీ అడిగినా చెప్పండి.

నాన్నగారు నా గురించిన ఆ మాటను ఇంతవరకూ నోటితో పలకలేదు. నేను కూడా ఆయనను అడగలేదు. నాతోపాటు ఉంటున్న మనిషి గురించి అమ్మకు తెలుసు, ఫోన్ పెట్టేసే ముందు, “ఆ అబ్బాయి బాగున్నాడా?” అంటుంది. నాన్నగారికి కూడా తెలుసని అమ్మ అంటుంది.

మొన్న మాఘమాసంలో భీమవరంలో మా దగ్గరి చుట్టాల పెళ్లి జరిగింది. చాన్నాళ్ల తర్వాత అమ్మ పెళ్లికి వెళ్లింది. భోజనాల దగ్గర పక్క కుర్చీలో కూర్చున్న పెద్దాయన అందరికీ వినిపించేలా, “మాస్టారూ, అబ్బాయి పెళ్లెప్పుడండి? ముప్పై దాటేసినట్టున్నాయి” అన్నారట. అమ్మ ఎప్పటిలా చూస్తున్నామండి అనబోయేలోగా, నాన్నగారు తలెత్తకుండానే, “సంబంధాలు చూడటం ఆపేశామండి. వాడు బాగానే ఉన్నాడు” అన్నారట. అమ్మ ఫోన్‌లో ఇంతవరకు చెప్పి ఆగిపోయింది. ఆ తర్వాత ఏమన్నారని నేను ఆత్రంగా అడిగాను.

“ఏవంటారు? పెరుగు వేయించుకున్నారు” అంది.